దశబంధం లేని చెరువు

పశ్చిమ నెల్లూరులో ఒక ఊరి పేరు చివర సముద్రమనో సాగరమనో వినబడితే ఆ పేరు వెనక చెరువు ఉందన్నమాటే. అనుమసముద్రం, అనంతసాగరం అలాంటి పేర్లే. ఈశాన్య రుతుపవనాల్లో నాలుగు వానలు పడితే ఏడాది గడిచే మెట్ట ఇది. పడ్డ నీటిని నిలబెట్టుకోవడమే ఇక్కడి పెద్దలకు తెలిసిన మొదటి విద్య.

ఉదయగిరి నుంచి ఏలిన విజయనగర రాకుమారుడు భాస్కరుడు వెలికొండలకు ఆవల, పోరుమామిళ్లలో పెద్ద చెరువు కట్టించి 1369లో శాసనం వేయించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో ఉన్నాయి. మొదటి అంగం ధర్మబుద్ధి, సంపద కలిగిన ప్రభువు. రెండోది నీటి శాస్త్రం తెలిసిన పండితుడు. నేల, నది, కొండ, కట్ట ఆ తర్వాతే వస్తాయి. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలే వంద బండ్లు రెండేళ్లు పనిచేశాయని కూడా చెక్కించాడు. డబ్బు ఎవరిది, తెలివి ఎవరిది, చోటు ఏది, ఎంత ఖర్చయింది అనే నాలుగు లెక్కలూ రాతి మీద తేల్చేశాడు.

ఐదో లెక్కకు మన పెద్దలు పెట్టిన పేరు దశబంధం. చెరువు కట్టించినవారికో, బాగుచేయించినవారికో దాని కింద కొంత భూమిని పన్ను లేకుండానో, తగ్గించో ఇచ్చేవారు. ఆ మాన్యం తింటున్నందుకు ఏటా కట్ట చూసుకోవాలి, పూడిక తీయాలి, తూము బాగుచేయించాలి. చెరువు పుట్టిన రోజునే దాని పోషణకు ఏర్పాటు జరిగిపోయేది.

పర్యావరణ విద్యా కేంద్రాల గురించి చెప్పబోతూ ఇదంతా ఎందుకంటే, మన రాష్ట్రంలో అలాంటి కేంద్రాల కథ ఎక్కువగా దశబంధం లేని చెరువు కథే. కట్టడానికి డబ్బు దొరుకుతుంది. ప్రారంభానికి పెద్దలు వస్తారు. మూడో ఏట కరెంటు బిల్లు, ఐదో ఏట జీతాలు, ఏడో ఏట పైకప్పు. వీటికి ఎవరూ ఉండరు. అనుమసముద్రంపేట, ఆత్మకూరు, ఉదయగిరి మధ్య అలాంటి కేంద్రం ఒకటి నిలబడాలంటే ఏ డబ్బుతో, ఎవరి చేతుల్లో, ఏ పద్ధతిలో నడవాలన్నదే ఈ సమీక్ష.

ఈ నేలే ఒక బడి

ఇలాంటి కేంద్రం ఇక్కడే ఎందుకు? చెప్పాల్సిన పాఠాలన్నీ ముప్పై నలభై మైళ్ల లోపలే ఉన్నాయి కాబట్టి. పడమట వెలికొండలు. నెల్లూరు, కడప జిల్లాల్లో వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న పెనుశిల నరసింహ అభయారణ్యం ఆ కొండల్లోనే ఉంది. ప్రపంచంలో తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనం ఇక్కడి చెట్టు. నరికి దొంగతనంగా అమ్మితే ఎవరికి లాభం, నిలబెడితే ఎవరికి లాభం అన్న ప్రశ్న ఈ కొండల కింది పల్లెలకు పుస్తకంలోది కాదు, కళ్ల ముందున్నది.

ఆత్మకూరు పక్కనే పెన్న మీద 78 టీఎంసీల సోమశిల. 2021 నవంబరు 19న ఎగువన చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ వరదల్లో సోమశిల కింద, నెల్లూరు దాకా పెన్న చేసిన విధ్వంసం ఇక్కడి పెద్ద తరగతుల పిల్లలకైనా గుర్తుంటుంది. ఉదయగిరి వైపు వెళ్తే కథ తిరగబడుతుంది. బోరు ఎంత లోతుకు దించితే నీళ్లలో ఫ్లోరైడు అంత భయపెట్టే పల్లెలు అటు ఉన్నాయి. ఒకే ప్రాంతంలో వరదా, నీటి కరువూ, చేదు నీళ్లూ. భూగోళ పాఠానికి ఇంతకంటే ఏం కావాలి?

మనుషుల జ్ఞానం కూడా ఇక్కడ తక్కువేమీ కాదు. కలివికోడి అనే పక్షికి ఇంగ్లీషులో ఎవరి పేరు పెట్టారో, ఆ జెర్డాన్ నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. ఈ ప్రాంతపు జంతువుల గురించి ఆయన యానాదులను అడిగి తెలుసుకున్నాడు. 1848లో శాస్త్ర గ్రంథాలకెక్కిన ఆ పక్షి 1900 తర్వాత కనిపించకుండా పోయి, 1986 జనవరిలో కడప జిల్లా అడవిలో మళ్లీ దొరికింది. అప్పుడూ దారి చూపింది పొదలు తెలిసిన స్థానిక వేటగాళ్లే. ఎలుక కన్నం చూసి లోపలున్నది ఎలుకో పామో చెప్పగల యానాది పెద్ద మన బడుల్లో ఎక్కడా గురువు కాలేదు. ఈ కేంద్రం ఆ లోటు తీర్చగలదు.

మన దగ్గర ఉన్నవి

రాష్ట్రంలో ఈ పని ఇప్పటికే జరుగుతున్న చోట్లను నాలుగు రకాలుగా చూడవచ్చు.

మొదటిది అటవీశాఖ కేంద్రాలు. ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని నేలపట్టు పక్షుల అభయారణ్యంలో, పులికాట్ ఒడ్డున అటకానితిప్పలో, కొల్లేరు పక్కన ఆటపాకలో పర్యావరణ విద్యా కేంద్రాలు ఉన్నాయి. శ్రీశైలం దగ్గర సుండిపెంటలో జీవవైవిధ్య పరిశోధన కేంద్రం ఉంది. నేలపట్టులో బురుజు ఎక్కి చూస్తే నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు తెల్లటి బట్టలు ఆరేసినట్టు కనిపిస్తాయి. వాటి రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని ఊరివాళ్ల నమ్మకం. అందుకే చట్టం రాకముందే వాళ్లు ఆ పక్షుల జోలికి వెళ్లలేదు. ఆ కేంద్రంలో నేను చూసిన గొప్ప ప్రదర్శన అదే. గాజు పెట్టెలోని పక్షి కంటే ఊరికీ పక్షికీ ఉన్న ఒప్పందం పిల్లలకు ఎక్కువ నేర్పుతుంది. ఈ రకం కేంద్రాలకు బలం ప్రభుత్వ జీతం, బలహీనత కూడా అదే. పక్షి గురించి ప్రేమగా చెప్పే ఉద్యోగి బదిలీ అయితే బోధన కూడా ఆయన వెంటే వెళ్లిపోతుంది.

రెండోది స్థానిక సమితులు నడిపేవి. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితులు, కోరింగ మడ అడవుల్లో పర్యావరణాభివృద్ధి కమిటీ, తలకోనలో, నల్లమల బైర్లూటిలో ఊరి మనుషులే బస చూపిస్తారు, పడవ నడుపుతారు, వంట చేస్తారు. టిక్కెట్టు డబ్బులో వాళ్లకు కూలీ ఉంటుంది. అడవి నిలిస్తేనే పొయ్యి వెలుగుతుందన్న సంగతి ఇక్కడ బోర్డు మీద రాయనక్కర్లేదు. కానీ వచ్చేవారిలో ఎక్కువమంది విహారానికే వస్తారు. విద్య పక్కకు జరిగి వినోదం ముందుకు వచ్చే ప్రమాదం ఈ రకంలో ఎక్కువ.

మూడోది విద్యాసంస్థలు, స్వచ్ఛంద సంస్థలు పెంచినవి. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ 1991లో పక్షుల రక్షిత ప్రాంతమైంది. అక్కడి పక్షి అధ్యయన సంస్థ ఇంటి నుంచే చదువుకునే పక్షిశాస్త్ర కోర్సుతో ఎక్కడెక్కడివారికో చేరింది. భవనం లేకుండా కూడా పాఠం అమ్మవచ్చని చూపింది. 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడుతో మొదలైన టింబక్టు కలెక్టివ్, తర్వాత కల్పవల్లిలో వేల ఎకరాల కొండభూమిని పచ్చగా చేసింది. రైతుల పంటను సహకార పద్ధతిలో అమ్మడం వాళ్ల ఆదాయ మార్గాల్లో ఒకటి.

నాలుగోది పండగ. 2001 నుంచి సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగింది. కొన్నేళ్లు ఆగి 2025 జనవరిలో మళ్లీ జరిగింది. మూడు రోజుల్లో ఊరంతా నిండుతుంది, దుకాణాలకు గిరాకీ వస్తుంది, పిల్లలు రాజహంసల్ని చూస్తారు. ప్రచారానికి ఇంతకు మించింది లేదు. కానీ మిగిలిన ఏడాదంతా గురువుకు జీతం పండగ ఇవ్వలేదు.

కట్టడానికి డబ్బు ఎక్కడిది?

ఈ ప్రశ్నకు నేడు జవాబులు చాలానే ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద, 5 కోట్ల నికర లాభమో, 500 కోట్ల నికర విలువో, 1,000 కోట్ల టర్నోవరో ఉన్న కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. విద్య, పర్యావరణం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెబుతోంది. నెల్లూరు తీరాన రేవు, విద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. వాటి లాభంలో ఒక పాయ పడమటి మెట్టకు పారాలని అడగడంలో తప్పు లేదు.

గనుల నుంచి వచ్చే జిల్లా ఖనిజ నిధి 2015 సవరణతో వచ్చింది. తాగునీరు, పర్యావరణం, విద్య దాని ముఖ్య పద్దులు. గనుల దెబ్బ తిన్న ఊళ్లకే మొదటి హక్కు. అడవి భూమి మళ్లింపుకు పరిహారంగా వచ్చే కాంపా నిధికి 2016లో చట్టం వచ్చింది. అది ముఖ్యంగా అడవి పెంపకానికి. జీవవైవిధ్య చట్టం కింద ఎర్రచందనం అమ్మకంలో లాభాల వాటా రాష్ట్రానికి తిరిగి వస్తోంది. ఆ చెట్టు గురించి చెప్పే బడికి అందులో చోటు అడగడం న్యాయం.

ఇవన్నీ కట్టడానికి, కొనడానికి, నాటడానికి ఇష్టపడే డబ్బులు. దాత పేరు రాయడానికి గోడ ఉంటుంది, ఫోటోకు రిబ్బను ఉంటుంది. జీతానికి అవేవీ ఉండవు.

నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక కేంద్రానికి పదిహేనుమంది పిల్లల్ని తీసుకువెళ్లాను. ఏ ఊరో, ఎవరిదో చెప్పను, అది ఒక్కచోటి కథ కాదు. తాళం తీయడానికి గంట పట్టింది. లోపల నీటి చక్రాన్ని చూపించే నమూనా ఉంది. మీట నొక్కితే మేఘం వెలిగి, వాన చుక్కల దీపాలు కొండ మీద నుంచి జారాలి. ఒక పాప ఆ మీటను నాలుగుసార్లు నొక్కింది. వెలగలేదు. పాప నా వైపు చూసి, "వాన రాదా?" అంది. మాతో వచ్చిన కాపలాదారు తలవంచుకుని, బల్బులు మార్చి రెండేళ్లయిందని, అడిగితే పద్దు లేదన్నారని చెప్పాడు. ఆ మీట ఖరీదు ఎంత? బల్బుల ఖరీదు ఎంత? లక్షలు పెట్టి కట్టిన గదిని వందల రూపాయల లోటు మూసేసింది.

నడపడానికి డబ్బు

రోజువారీ ఆదాయానికి ప్రపంచమంతటా మార్గాలు దాదాపు ఒకటే: ప్రవేశ రుసుం, బడుల సందర్శన, రాత్రి బస శిబిరాలు, క్యాంటీను, దుకాణం, మొక్కల నర్సరీ, హాలు అద్దె, కోర్సులు, ప్రభుత్వ శిక్షణ కార్యక్రమాలు, సభ్యత్వం, విరాళం. ఏ ఒక్కదాని మీదే ఆధారపడినా దెబ్బ తప్పదు.

ఇంగ్లండులో డాంకాస్టర్ దగ్గర ఎర్త్ సెంటర్ పాత బొగ్గు గని నేల మీద లాటరీ నిధులతో లేచింది. 1999లో తెరిచారు. అనుకున్నంత జనం రాలేదు. 2004లో మూసేశారు. కట్టడానికి వచ్చిన డబ్బు కోట్లలో ఉన్నా, నడిపేది టిక్కెట్టే అనుకోవడంతో కూలింది. వేల్స్‌లో 1973లో పాత పలకరాతి గనిలో మొదలైన ప్రత్యామ్నాయ సాంకేతిక కేంద్రం కథ వేరు. యాభై ఏళ్లు నడిచి, 2023 నవంబరులో ఖర్చు భరించలేక రోజువారీ సందర్శకులకు తలుపు మూసింది. అయితే కోర్సులు, డిగ్రీ చదువులు ఆపలేదు. తలుపు మూసినా బడి మిగిలింది. పీటర్ స్కాట్ 1946లో స్లింబ్రిడ్జ్‌లో మొదలుపెట్టిన నీటిపక్షుల కేంద్రం నేటికీ నిలవడానికి ఒక కారణం సభ్యులు. ఏటా చందా కట్టి, పక్షులు నావి అనుకునే మనుషులు.

మనకు బాగా దగ్గరగా, మద్రాసు పక్కన 1976లో మొదలైన క్రొకొడైల్ బ్యాంకు ఉంది. గేటు టిక్కెట్టు దాని ముఖ్య ఆదాయం. 2020లో కరోనా గేటు మూయించేసరికి మొసళ్లకు మేత కోసం దాతలను అడగాల్సి వచ్చింది. 1978లో పుట్టి ఆ ఆవరణలో పనిచేస్తున్న ఇరుల గిరిజనుల పాముల సహకార సంఘం ఇంకో దారి చూపింది. పాములు పట్టి చర్మాలు అమ్మిన మనుషులే ఇప్పుడు లైసెన్సుతో నాగుపాము, కట్లపాము, రక్తపింజర లాంటివి పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదులుతారు. ఆ విషంతోనే పాముకాటుకు మందు తయారవుతుంది. విషం తీయడం చూడటానికి జనం టిక్కెట్టు కొంటారు. ఆ సమాజం నుంచి వడివేల్ గోపాల్, మాసి సడయ్యన్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఇరులలకు దగ్గరి వారైన యానాదుల నెల్లూరులో ఈ పాఠం వినబడాలి. చూపించేవాడు ఉద్యోగి కాక వాటాదారైతే, ఆ ప్రదర్శనకు ప్రాణం ఉంటుంది.

టిక్కెట్టు లెక్కలో మనవాళ్లు మరిచిపోయే సంగతి ఒకటుంది. ప్రభుత్వ బడి పిల్లకు 20 రూపాయల టిక్కెట్టు బరువు కాదు, బస్సు బరువు. సొంత బస్సులున్న ప్రైవేటు బడికి ఆ ఇబ్బంది లేదు. టిక్కెట్టు తగ్గించినా బస్సు ఖర్చు ఎవరూ పెట్టకపోతే కేంద్రం డబ్బున్న పిల్లల కేంద్రమైపోతుంది. అందుకే చోటు ఎంచుకునేటప్పుడే ఆర్టీసీ బస్సు ఆగే దారిని చూడాలి. బస్సు ఖర్చును కేంద్రం పద్దులో ముందే రాసుకోవాలి.

అవసరం లేదనడానికి వీల్లేదు. 1977లో త్బిలిసిలో యునెస్కో పెట్టిన సదస్సు పర్యావరణ విద్యకు లక్ష్యాలు రాసింది. 1991 నవంబరు 22న ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయమంది. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పుస్తకాల సంచీ లేని పది రోజులు ఉండాలని, ఆ రోజుల్లో స్థానిక వృత్తులవారి దగ్గర నేర్చుకోవాలని చెప్పింది. సంచీ లేని పిల్ల ఎక్కడికి వెళ్లాలి? ఆ జవాబే ఈ కేంద్రానికి గిరాకీ.

ఏ రూపంలో?

వ్యాపారమంటే మనలో చాలామందికి ధర్మకార్యం చెడుతుందన్న జంకు ఉంది. చట్టానికి ఆ జంకు లేదు. ఆదాయపు పన్ను చట్టం ధర్మకార్యమంటే ఏమిటో చెబుతూ నీటి పరివాహక ప్రాంతాలు, అడవులు, వన్యప్రాణులతో కూడిన పర్యావరణ పరిరక్షణను విడిగా పేర్కొంది. ఇతర ప్రజోపయోగ లక్ష్యాలకు పెట్టిన వ్యాపార ఆదాయపు 20 శాతం హద్దు దీనికి వర్తించదు. వ్యాపారం లక్ష్యానికి అనుబంధంగా ఉండాలి, దాని ఖాతాపుస్తకాలు వేరుగా ఉండాలి. క్యాంటీను లెక్క, దుకాణం లెక్క మొదటి రోజు నుంచే వేరు రాసుకోవడం పన్నుకే కాదు, నిర్వాహకుడి కళ్లు తెరవడానికీ అవసరం.

జీఎస్టీలోనూ తేడా ఉంది. మ్యూజియం, జాతీయ పార్కు, అభయారణ్యం, జూ ప్రవేశానికి పన్ను మినహాయింపు. ప్రైవేటు కేంద్రం టిక్కెట్టుకు అది తనంత తాను రాదు. నమోదైన ధార్మిక సంస్థగా పర్యావరణ పరిరక్షణ సేవలు చేస్తే వేరే మినహాయింపు దారి ఉంది. ఈ లెక్క తెలిసిన ఆడిటరు శంకుస్థాపనకు ముందే కావాలి.

ట్రస్టు, 2001 చట్టం కింద సొసైటీ, 8వ సెక్షన్ కంపెనీ, 1995 మాక్స్ చట్టం కింద పరస్పర సహాయ సహకార సంఘం. నాలుగూ సాధ్యమే. నా మొగ్గు జంట పద్ధతి వైపు. భూమి, మూలధనం ఒక ట్రస్టు చేతిలో, క్యాంటీను, దుకాణం, బస, మార్గదర్శకుల పని స్థానికుల సహకార సంఘం చేతిలో. ఆస్తి ఎవరి అప్పులకూ తాకట్టు పడకూడదు. రోజువారీ ఆదాయంలో ఊరికి వాటా ఉండాలి.

చోటు అడవి లోపల వద్దు. అటవీ సంరక్షణ చట్టానికి 2023లో వచ్చిన సవరణ కొన్ని పర్యావరణ పర్యాటక సదుపాయాలకు వెసులుబాటు ఇచ్చినా, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జూలు, సఫారీల విషయంలో కట్టడి పెట్టింది. కోర్టు గుమ్మంలో ఏళ్లు గడపడం చిన్న సంస్థకు చావు. పంచాయతీ భూమో, దాత భూమో, అనుమసముద్రంపేట–ఆత్మకూరు దారిలో చెరువు పక్కన చాలు. అడవికి పిల్లల్ని అటవీశాఖ అనుమతితో తీసుకెళ్లి తీసుకురావచ్చు.

ఈ ఊళ్ల మూలధనం

అనుమసముద్రంపేటకు టూరిస్టుల్ని పిలవనక్కర్లేదు. ఖాజా రహమతుల్లా దర్గాకు ఏడాది పొడవునా మతం తేడా లేకుండా జనం వస్తారు, రాత్రుళ్లు నిద్ర చేస్తారు, గంధ మహోత్సవానికి ఊరు పట్టదు. నిద్ర చేసినవారికి మరుసటి పగలు ఖాళీ. ఆ కుటుంబాల పిల్లలకు రెండు గంటలు చూడదగింది ఉంటే వస్తారు. దర్గా పవిత్రతకు భంగం లేకుండా, దర్గా పెద్దలతో కూర్చుని మాట్లాడి, కేంద్రాన్ని ఊరి పక్కన నిలపాలి.

ఉదయగిరి కొయ్య గరిటెలు రెండో మూలధనం. భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు ఉన్న పని అది. ఒక మధ్యాహ్నం ఒక ఇంటి పంచలో కూర్చుని చూశాను. పెద్దామె నార్ది చెక్క ముక్కను కాలి వేళ్ల మధ్య బిగించి, ఆకురాయితో గరిటె గుంట లోపలికి తిప్పుతోంది. పొడి ఆమె చీర కుచ్చిళ్ల మీద పడుతోంది. పది నిమిషాలకోసారి వేలితో గుంటను తడిమి, గరుకు తగిలిన చోట మళ్లీ రాస్తోంది. "పిలకాయలొస్తే నేర్పిస్తావామ్మా?" అని అడిగాను. "నేర్పకేం నాయనా. మా పిలకాయలే నేర్చుకోవటంలా" అంది. ఆ మాటలో ఒక బడి ఉంది. ఏ కొండ చెట్టు, ఎంత కొడితే మళ్లీ చిగురిస్తుంది, ఎంత కొడితే చచ్చిపోతుంది, ఒక గరిటెకు మధ్యవర్తి ఎంత తీసుకుంటాడు, స్టీలు గరిటె ఎక్కడి ఖనిజంతో వస్తుంది. అడవీ, వృత్తీ, బజారూ ఒకే పాఠంలో ఇమిడిపోతాయి. కేంద్రం దుకాణంలో ఆ గరిటెలే ఉండాలి. ఎక్కడో తయారైన ప్లాస్టిక్ బొమ్మలు ఉండకూడదు.

మూడోది ఇక్కడి దాన సంస్కారం. ఇదే ప్రాంతంలో పుట్టిన అవధూత కాశినాయన పేరు మీద నేటికీ అన్నసత్రాలు నడుస్తున్నాయి. రైతు పంట నూర్చగానే బస్తా తెచ్చి దించి వెళ్తాడు. టిక్కెట్టు లేదు, పొయ్యి ఆరదు. అన్నానికి ఇచ్చే చేయి పిల్లల చదువుకు ఇవ్వదా? ఇస్తుంది. లెక్క బోర్డు మీద కనబడితే ఇస్తుంది.

ఇప్పుడు ఊహకు ఒక లెక్క వేద్దాం. ఇది అంచనా మాత్రమే, అంకెలు ఎవరైనా మార్చుకోవచ్చు. ఒక నిర్వాహకుడు, ఇద్దరు బోధకులు, తోటమాలి, శుభ్రత చూసేవారు. నెలకు జీతాలు 85,000 అనుకుంటే ఏడాదికి 10.2 లక్షలు. కరెంటు, నీళ్లు, మరమ్మతులు, బోధన సామగ్రి 3 లక్షలు. బీమా, ఆడిట్ 80,000. మొత్తం 14 లక్షలు. ప్రభుత్వ బడుల పిల్లలకు 60 బస్సులు, బస్సుకు 4,000 చొప్పున 2.4 లక్షలు కలిపితే 16.4 లక్షలు.

రాబడి చూద్దాం. ఏడాదిలో 120 బడి రోజులు, రోజుకు 60 మంది, తలకు 30 రూపాయలు: 2.16 లక్షలు. యాత్రికులు ఏడాదికి 12,000 మంది, 20 రూపాయల చొప్పున: 2.4 లక్షలు. ప్రైవేటు బడుల, కాలేజీల రాత్రి శిబిరాలు ఇరవై, శిబిరానికి నలభై మంది, మనిషికి 400 మిగులు: 3.2 లక్షలు. క్యాంటీను, దుకాణం, నర్సరీ మిగులు 2.5 లక్షలు. మొత్తం 10.26 లక్షలు. గండి 6 లక్షలకు పైనే. ఎండలు మండే ఏప్రిల్, మే నెలల్లో ఎవరూ రారన్నది ఈ 120 రోజుల్లోనే లెక్కపెట్టాం.

ఆ గండిని ఏటా చేతులు చాచి పూడ్చవచ్చు. లేదా 90 లక్షల మూలధనాన్ని బ్యాంకులో ఉంచి, 7 శాతం వడ్డీతో పూడ్చవచ్చు. ధరలు పెరుగుతాయి కాబట్టి వడ్డీలో కొంత మళ్లీ అసలుకు చేర్చాలి, అసలు ముట్టకూడదని దస్తావేజులోనే రాయాలి. ఇదే ఈ కేంద్రానికి దశబంధం. రెండు కోట్లు దొరికితే రెండు కోట్ల భవనం కట్టకూడదు. కోటి రూపాయల భవనం, 90 లక్షల దశబంధం, పది లక్షలు మొదటి ఏడాది తప్పులకు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 2021 జనవరి నుంచి కంపెనీల సామాజిక బాధ్యత నిధుల్ని ఏ సంస్థ మూలధనానికి ఇచ్చినా అది లెక్కలోకి రాదు. భవనానికి, శిబిరాలకు, బస్సులకు కంపెనీని అడగవచ్చు, దశబంధానికి అడగలేం. దశబంధం మనుషుల నుంచే రావాలి. ఇక్కడ పుట్టి హైదరాబాదులో, చెన్నైలో, గల్ఫులో, అమెరికాలో ఉన్నవారి నుంచి రావాలి. విదేశంలో ఉన్నా భారత పౌరసత్వం ఉన్నవారు సొంత సంపాదన నుంచి ఇస్తే అది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మారినవారి నుంచి తీసుకోవాలంటే విదేశీ విరాళాల నమోదు ఉండాలి. ఈ తేడా ముందే చెప్పకపోతే మంచి మనసుతో వచ్చిన డబ్బు కేసులో ఇరుక్కుంటుంది.

అభ్యంతరాలు

లాభం కోసం నడిపితే పేద పిల్లలకు తలుపు మూసుకుపోతుందంటారు. మూసుకుపోతుంది, బస్సు పద్దు లేకపోతే. అందుకే ఆ పద్దు మొదటి ఏడాది నుంచీ లెక్కలో ఉండాలి. కాలుష్యం చేసే కంపెనీ తన బోర్డు వేసుకుని మంచిపేరు కొనుక్కుంటుందన్న భయం కూడా ఉంది. అది నిజమైన భయం. విరాళం తీసుకోవచ్చు, పాఠం మీద హక్కు ఇవ్వకూడదు. విద్యుత్ కేంద్రాల బూడిద గురించి, నీటి గురించి బోధకుడు చెప్పేది ఏ దాతకూ ముందు చూపించనక్కర్లేదని నియమావళిలో రాయాలి. జనం ఎక్కువైతే అడవికే హాని అనేవారికి జవాబు చోటు ఎంపికలోనే ఉంది. కేంద్రం అడవికి దూరంగా ఉంటే కొండ మీదికి వెళ్లేది చిన్న గుంపే.

వీటన్నిటికంటే నాకు బలంగా తోచే అభ్యంతరం వేరు. గ్రామంలో ఇన్ని కొరతలుండగా దీనికి డబ్బు ఎందుకు అని. ఫ్లోరైడు నీళ్లు తాగే ఊరికి ముందు మంచినీళ్లు కావాలి, అందులో వాదన లేదు. కానీ చెరువు పూడిక తీయకుండా బోర్లు వేసుకుంటూ పోయిన తరం మనది. ఆ పొరపాటు తెలిసిన తరం రావాలంటే చెరువు దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లే మనిషి ఉండాలి. ఆ మనిషికి నెలనెలా జీతం రావాలి. నీటి పథకానికి, నీటి విద్యకు పోటీ పెట్టడం పొలానికి, విత్తనానికి పోటీ పెట్టినట్టే.

మొదలు ఎక్కడ?

భవనంతో మొదలుపెట్టకూడదన్నదే ఈ సమీక్షంతా చెప్పేది. మొదటి రెండేళ్లు కేంద్రానికి గోడలే వద్దు. ఇద్దరు బోధకులు, ఒక పెట్టెలో సామగ్రి, ఆర్టీసీ బస్సు, ఊరి చెరువు, పెద్దామె పంచ, ఒక యానాది పెద్ద. సంచీ లేని రోజుల్లో యాభై బడుల పిల్లలకు పాఠాలు చెప్పాలి. ఎంత ఖర్చయింది, ఎవరు ఎంత ఇచ్చారు అన్నది ప్రతి నెలా ఊరి రచ్చబండ దగ్గర రాసి పెట్టాలి. ఆ లెక్కను చూసి దశబంధం కూడుతుంది. అది కూడిన తర్వాతే ఇటుక.

శిలాఫలకం మీద పేర్లు చెక్కే రోజు రావచ్చు. ఆ ఫలకం మీద ఇచ్చినవారి పేర్ల పక్కన ఒక వరుస ఎక్కువ ఉండాలని నా కోరిక. ఏటా కట్ట చూసేది ఎవరు, తూము బాగుచేసేది ఎవరు, బల్బు మార్చేది ఎవరు, దానికి పద్దు ఎక్కడ ఉంది. మీట నొక్కిన పాపకు వాన కనబడాలంటే ఆ వరుస ఉండి తీరాలి.